మోకాలి పట్టీకి పసుపు బొట్టు

ఆ నల్లదారం మొదటిసారి చేతికొచ్చినప్పుడు కాంతం దాన్ని పంటితో కొరికి చూసింది. దారం నాణ్యం కంటికన్నా పంటికే ముందు తెలుస్తుందని ఆవిడ నమ్మకం. తెచ్చిన డార్కస్ మాత్రం గుండె మీద చెయ్యి వేసుకుంది. అది ఎక్కడో విదేశంలో తయారై, మూడు నెలలు ఎదురుచూస్తే వచ్చిన దారమట.

డార్కస్ పక్క సందులో ఉండే పౌల్‌రాజు మాస్టారి అమ్మాయి. ఇంజనీరింగు చదివి, బిష్టుపూర్‌లో సౌరభ్ అనే కుర్రాడు పెట్టిన చిన్న కంపెనీలో పనిచేస్తోంది. పెద్దలు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే, ఈ ఉత్తరాది ఉక్కు ఊరికి వలసొచ్చిన తెలుగువాళ్ళ పిల్లలందరిలాగే తనూ సగం హిందీలో, సగం చేతులతో విషయం చెప్పింది. ఆ దారం రబ్బరులా సాగుతుంది. లోపల వెండి పొడి ఉంది కాబట్టి కరెంటు పారుతుంది. సాగినకొద్దీ ఆ కరెంటు తగ్గుతుంది. దాన్ని మోకాలికి తొడిగే పట్టీ మీద కుడితే, మోకాలు వంగినప్పుడల్లా దారం సాగి, కరెంటు ఎంత తగ్గితే అంతగా కంప్యూటర్ తెర మీద గీత పైకి లేస్తుంది. కాలు చాపితే గీత దిగుతుంది. బరువులెత్తే పనివాళ్ళకి ఈ పట్టీలు తొడిగితే ఏ మోకాలు ఎంత వంగుతోందో, ఏది మొరాయిస్తోందో, పూర్తిగా పాడవకముందే తెలిసిపోతుంది.

"అదంతా బాగుంది గానీ, కుట్టడానికేటి కష్టమొచ్చింది?" అని అడిగింది కాంతం.

ముగ్గురు టైలర్లు కుట్టి చూశారని, కాలు వంచగానే దారం పుటుక్కుమంటోందని డార్కస్ చెప్పింది. వాళ్ళు కుట్టిన ముక్క చూసి కాంతం నవ్వు ఆపుకోలేకపోయింది. సాగే దారాన్ని నిలువు కుట్టుతో బిగించి పారేశారు మహానుభావులు. లంగాకి ఎలాస్టిక్ కుట్టడం వచ్చిన ఏ ఆడదీ అలా చెయ్యదు. సూది ఒకసారి దారానికి ఇటు, ఒకసారి అటు పడుతూ వంకరగా పోవాలి, దారాన్ని మాత్రం ముట్టుకోకూడదు. అప్పుడు ఆ కుట్టు కింద దారం తన ఇష్టం వచ్చినట్టు సాగుతుంది, ముడుచుకుంటుంది. ఆ సాయంత్రమే తన పాత మిషను మీద ఒక పట్టీ కుట్టింది, మడతైనా పెట్టనివ్వకుండా డార్కస్ దాన్ని పట్టుకుపోయింది. మర్నాడు పొద్దున్నే సౌరభ్ స్వయంగా ఆటో దిగి, బర్మామైన్స్ సందులో ఆవిడ గుమ్మం వెతుక్కుంటూ వచ్చాడు.

అప్పటినుంచి నాలుగు నెలలు. వారంలో మూడు రోజులు కాంతం బిష్టుపూర్ ఆఫీసులో ఏసీ గదిలో కూచుని కుడుతుంది, మిగతా రోజులు ఇంట్లో జాకెట్లు. ఆవిడ నోరు ఊరుకునేది కాదు కదా. కుళాయి దగ్గర, కిరాణా కొట్టు దగ్గర, ఎవరు కనబడినా తన పట్టీల సంగతే. ఇంక జాకెట్లు కుట్టను, వేరే చూసుకోండి అని సగం బస్తీకి చెప్పేసింది కూడా. ఎందుకంటే ఆదిత్యపూర్‌లో ఒక ఫోర్జింగ్ కార్ఖానా వాళ్ళు పట్టీలను ఒక షిఫ్టు పాటు పరీక్షిస్తామన్నారు. నెగ్గితే రెండొందల జతలు కావాలన్నారు. అదే జరిగితే కాంతం చేతికింద ఆరుగురు ఆడవాళ్ళు కూచుని కుట్టేలా బర్మామైన్స్‌లోనే షెడ్డు తెరుస్తానని సౌరభ్ మాటిచ్చాడు. ఆ ఆరుగురెవరో ఆవిడ అప్పుడే తేల్చేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మొగుడు అసిరయ్య ఎగతాళి చేశాడు.

అసిరయ్య పనిచేసేది ఆ ఫోర్జింగ్ కార్ఖానాలోనే. ఎర్రగా కాలిన ఇనప దిమ్మల్ని పటకారుతో పట్టి, సుత్తి మిషను కింద పెట్టి తీసే కాంట్రాక్టు పని. పరీక్ష రోజున పట్టీలు తొడుక్కోవడానికి పేరిచ్చింది కూడా అతనే. పెళ్ళాం కుట్టింది తను కాక ఇంకెవరు తొడుక్కుంటారని ఫోర్‌మన్‌తో వాదించి మరీ ఇచ్చాడు.

పరీక్ష ఇంకా ఎనిమిది రోజులుందనగా, మొదటిసారిగా ఇంట్లో కుట్టిన ఆరు జతలు మూటగట్టి కాంతం ఆఫీసుకి పట్టుకెళ్ళింది. సౌరభ్ ఒక్కొక్కటే తొడిగి చూశాడు. కాలు కదపకుండా కూచున్నా గీత పైకి పాకిపోతోంది. కాలు వంచితే ఉలిక్కిపడి ఎటో పోతోంది. ఒకటి కాదు, పన్నెండుకి పన్నెండూ అంతే. ఇదివరకు ఆఫీసులో ఆవిడే కుట్టినవి మాత్రం బుద్ధిగా పనిచేస్తున్నాయి.

సౌరభ్ మర్యాదస్తుడు. దీదీ, దీదీ అంటూనే అనాల్సింది అన్నాడు. చేతిపని ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదట. లూధియానాలో ఒక ఫ్యాక్టరీ ఉందట, అక్కడ అంతా మిషనే కుడుతుందట. ఇంకో మూడు రోజులు చూసి, బాగుపడకపోతే పని అక్కడికే పంపేద్దామనుకుంటున్నాడట. కాంతానికి చెంప మీద కొట్టినట్టయింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. మర్యాదగా పొడిచినవాణ్ణి ఏం చేస్తాం? మూట చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది. ముప్పై ఏళ్ళుగా నలుగురూ మెచ్చిన చెయ్యి అది. ఇంటికొచ్చి ఆ చేతినే చాలాసేపు చూసుకుంది. రేపు కుళాయి దగ్గర ఏ మొహం పెట్టుకుని నిలబడాలో ఆవిడకి తెలియలేదు.

మర్నాడు పొద్దున్న డార్కస్ లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. తన ఎదురుగా ఒక పట్టీ మొదటినుంచి చివరిదాకా కుట్టమంది. కాంతం మూతి ముడుచుకునే కుట్టింది. డార్కస్ దాన్ని తన మోకాలికే తొడుక్కుని లేచింది, కూచుంది, మెట్లెక్కి దిగింది. గీత చెప్పినమాట విన్నట్టు లేచి దిగింది. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. తప్పు ఎక్కడుంది మరి? డార్కస్ పట్టీ విప్పి ఇచ్చింది. కాంతం దాన్ని తిరగేసి, మడతపెట్టబోతూ, అలవాటు చొప్పున గూట్లోని భరిణ అందుకుని, వేలు తడిచేసి, లోపలి అంచున ఓ మూల బొట్టు పెట్టింది.

"యే క్యా లగాయా, ఆంటీ?" అంది డార్కస్, ఆ రాసిందేమిటని.

"ఏటి రాత్తాను, పసుపు. కొత్తగుడ్డ ఇల్లు దాటినప్పుడు పసుపెట్టకుండా ఒగ్గేత్తారేటి ఎవులైనా?"

డార్కస్ వాళ్ళింట్లో ఆ అలవాటు లేదు. అందుకే ఆమె కంటపడింది. ఆ సందులోని ఇంకే పిల్ల అయినా చూసీ చూడనట్టు వదిలేసేది. ఎందుకంటే కొత్తబట్టకి పసుపు పెట్టడం కాంతం లెక్కలో పని కాదు, ఊపిరి తీసుకోవడం లాంటిది. ఆఫీసులో భరిణ లేదు కాబట్టి అక్కడ కుట్టినవాటికి బొట్టు పడలేదు. ఇంట్లో కుట్టిన ఆ పన్నెండింటికీ, పైకి కనబడకుండా, లోపలి అంచు మూలన పడింది. సరిగ్గా అక్కడే నల్లదారం చివర ఇనప టిచ్ బటన్‌కి కలుస్తుంది. కంప్యూటర్‌కి కబురంపే చిన్న డబ్బీ తీగ తగిలించేది ఆ బటన్‌కే.

డార్కస్ అదే పట్టీ మళ్ళీ తొడుక్కుంది. కాలు కదపలేదు. గీత పాకుతూ పాకుతూ పైకి పోయింది. మంచి జరగాలని పెట్టిన బొట్టు కొరివితో తల గోక్కున్నట్టయింది. కాంతం భరిణ మూతపెట్టి నేల మీద చతికిలబడింది.

డార్కస్ మంచి పిల్ల. సౌరభ్‌కి ఈ సంగతి చెప్పనక్కర్లేదంది. ఇంకా వారం రోజులుంది, పన్నెండు కొత్తవి కుడదాం, బొట్టు పెట్టకుండా ఇద్దాం, అంతే కదా అంది. కాంతం బతుకుజీవుడా అనుకుని వెంటనే తలూపింది. మధ్యాహ్నానికి రెండు పట్టీలు కుట్టేసింది కూడా.

గడియారంలో రెండు దాటాక అసిరయ్య షిఫ్టు దిగి ఇంటికొచ్చాడు. చొక్కా మీద ఉప్పు తెల్లగా చారలు కట్టింది. గుమ్మం బయట నిలబడి తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి పిండాడు. ధారగా కారింది. రోజూ చూసేదే. ఆవేళ మాత్రం కాంతం సూది మీద చెయ్యి ఆపి ఆ ధారని చూసింది. ఒక్క చుక్క పసుపు నీళ్ళకే పిచ్చెక్కిన పట్టీ, ఈ చెమటకి ఏమవుతుంది?

లేచి వెళ్ళి తువ్వాలు లాక్కుంది. ఏటయిందే నీకు అని అసిరయ్య అంటూనే ఉన్నాడు, ఆవిడ కొత్త పట్టీ ఇంకా అక్కడే కూచున్న డార్కస్ కాలికి తొడిగి, బటన్ ఉన్న చోట తువ్వాలు పిండింది. పసుపు లేదు, ఏమీ లేదు, ఉత్త చెమట. గీత మళ్ళీ వెర్రెత్తిపోయింది.

డార్కస్ మొహం తెల్లబోయింది. ఇప్పుడు చెబితే సౌరభ్ పరీక్ష వాయిదా వేస్తాడు, కార్ఖానావాళ్ళు మళ్ళీ పిలవరు. చెప్పకపోతే పొడి కాళ్ళతో మొదటి గంటైనా గడుస్తుంది. పైగా చెప్పాలంటే పసుపు సంగతీ బయటపడుతుంది. చేతిపని మీద ముందే నమ్మకం పోయినవాడు ఇది విన్నాక ఇంక ఉంచుకుంటాడా? ఇవన్నీ డార్కస్ హిందీలో గబగబా చెప్పింది. కాంతానికీ తెలుసు అవన్నీ. భయం వేయలేదని కాదు.

"ఇక్కడ దాసేత్తే ఫర్నేసు కాడ దాగుతాదేటి, తల్లీ?" అంది చివరికి. "నడు, ఎల్లి సెప్పేద్దాం. ఉంచితే ఉంచుతాడు, నేకపోతే జాకెట్లు కుట్టుకుంటాను."

సౌరభ్ అంతా విన్నాడు. పసుపు మాట దగ్గర నవ్వబోయి, తువ్వాలు మాట దగ్గర ఆగిపోయాడు. తనే ఒక పట్టీ తొడుక్కుని, బటన్ మీద ఉప్పునీళ్ళు పోసుకుని తెరవైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. దారాన్ని నెలరోజులు ఉప్పునీళ్ళలో నానబెట్టి చూశాడట, దానికి రబ్బరు తొడుగుంది కాబట్టి ఏమీ కాలేదట. ఆ దారం బటన్‌ని కలిసేచోట తొడుగు లేదన్న సంగతి తట్టనే లేదట. నాలుగు నెలలు ఈ చల్లటి గదిలో కూచున్నాం, ఒక్కరికీ చెమట పట్టలేదు దీదీ అని నెమ్మదిగా అన్నాడు. ఆ రోజు లూధియానా ఊసెత్తలేదు. కానీ లేదని కూడా అనలేదు.

మిగిలింది ఆరు రోజులు. రెండు రోజులు సౌరభ్ రకరకాల జిగురులు పూశాడు. నీళ్ళు ఆగాయి గానీ, జిగురు రాయిలా గట్టిపడి, సరిగ్గా దాని అంచున దారం తెగడం మొదలెట్టింది. కాంతం పక్కన నిలబడి చూసి చూసి, ఇంక ఉండబట్టలేక కల్పించుకుంది. గట్టిదాని పక్కన మెత్తనిది కుడితే తెగేది మెత్తనిదేనని బట్ట పట్టినవాళ్ళందరికీ తెలుసు. చివరిదాకా లాగుడు చేరనివ్వకూడదు. చివర ముందు దారం కాస్త వదులుగా చుట్ట తిరిగి ఉండాలి. మూసేది కూడా దారంతో పాటు వంగేది కావాలి.

ఆటో ఎక్కి జుగ్సలాయి వెళ్ళింది. పసిపిల్లల పక్కలో వేసే రబ్బరు గుడ్డ మీటరు కొంది. సైకిల్ కొట్లో పంక్చర్లకి రాసే సొల్యూషన్ రెండు ట్యూబులు కొంది. రబ్బరు గుడ్డని గోరంత సంచిలా మడిచి, వదులు చుట్టతో సహా దారం చివర అందులో దోపి, బటన్ తల మాత్రం బయటికి ఉంచి, చుట్టూ సొల్యూషన్‌తో మూసేసింది. అంచులకి కుట్టు వేద్దామా అని డార్కస్ అడిగింది. వద్దంది కాంతం, సూది పడిన ప్రతిచోటా నీటికి దారి పడుతుందని. సంచిని దాటి, అవతల గుడ్డ మీద కుట్టింది. మొదటిది కారింది. రెండోది కారింది. మూడోదాన్ని బకెట్‌లో ముంచి, తడితడిగా తొడుక్కుని మెట్లెక్కితే గీత వంకర పోలేదు. ఆ రాత్రి ఆవిడ అన్నం రెండోసారి వడ్డించుకుని తిన్నది. పరీక్ష ముందురోజు సాయంత్రానికి ఆరు జతలూ సిద్ధమయ్యాయి.

ఆదిత్యపూర్ కార్ఖానాలో ఉదయం ఆరింటి షిఫ్టు. జ్యేష్ఠమాసపు ఎండ బయట, ఫర్నేసు లోపల. కొప్పు మీద హెల్మెట్ కూచోక కాంతం దాన్ని ఒక చేత్తో పట్టుకునే లోపలికి నడిచింది. మేనేజరు, కార్ఖానా డాక్టరమ్మ, సౌరభ్, డార్కస్ ఒక బల్ల చుట్టూ చేరారు. తెర మీద రెండు గీతలు, కుడికాలికి నీలం, ఎడమకాలికి ఎరుపు. అసిరయ్య దిమ్మ దిమ్మకీ వంగుతూ లేస్తూంటే గీతలూ లేస్తూ దిగుతున్నాయి. ఏడు గంటలకి బాగున్నాయి. ఎనిమిదింటికి అతని ప్యాంటు తొడల దాకా తడిసింది. తొమ్మిదింటికి బూట్లలోకి కారుతోంది. గీతలు చెక్కుచెదరలేదు. సౌరభ్ గోళ్ళు కొరకడం మానేశాడు. మేనేజరు అనుమానం మనిషి, తన సీసాలో నీళ్ళు తెచ్చి అసిరయ్య రెండు మోకాళ్ళ మీదా గుమ్మరించి చూశాడు. అయినా గీతలు తమ దారినే పోయాయి. కాంతానికి అరవాలనిపించింది, మర్యాదకి ఊరుకుంది.

అప్పుడు డాక్టరమ్మ, పనిలో మోకాళ్ళు సగమే వంగుతున్నాయని, పూర్తిగా వంచి చూద్దామని, పని ఆపి పది గుంజీలు తియ్యమంది. పనివాళ్ళకి వినోదం దొరికింది. చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ ఏక్, దో అని లెక్కపెట్టారు. నీలం గీత నిండుగా లేచింది. ఎరుపు సగం దాకా లేచి ఆగిపోయింది. మూడోసారీ అంతే, పదోసారీ అంతే.

మేనేజరు తెర మీద వేలు పెట్టి, ఎడమ పట్టీ పోయింది అన్నాడు. చప్పట్లు ఆగిపోయాయి. సౌరభ్ మొహంలో రక్తం లేదు. అతని చూపు కాంతం వైపు తిరిగింది. ఆ చూపులో లూధియానా మొత్తం కనబడింది ఆవిడకి.

కాంతం హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి తెర దగ్గరికి వంగింది. నాలుగు నెలలుగా చూస్తున్న గీత అది. తడి తగిలిన గీత ఎలా ఉంటుందో ఆవిడకి బాగా తెలుసు. కాలు కదలకపోయినా పాకుతుంది, వణుకుతుంది. ఇది పాకడం లేదు, వణకడం లేదు. నున్నగా లేచి నున్నగా దిగుతోంది, పొట్టిగా ఉంది, అంతే.

"పట్టీ సెడిపోనేదు," అంది.

తన పెరుగు పుల్లగా ఉందని ఎవరు ఒప్పుకుంటారని మేనేజరు హిందీలో సామెత విసిరాడు.  ఆవిడ నేరుగా అసిరయ్య దగ్గరికి వెళ్ళి, అంతమంది ముందూ మోకాళ్ళ మీద కూచుని, రెండు పట్టీలూ విప్పేసింది. కుడిదాన్ని ఎడమకాలికి, ఎడమదాన్ని కుడికాలికి తొడిగింది.

"మళ్ళీ తియ్యి," అంది.

"సాల్లేయే. పని ఆగిపోతంది," అన్నాడు అసిరయ్య. అంటూ ఆవిడ కళ్ళలోకి మాత్రం చూడలేదు. అది చూసి కాంతం గొంతు తగ్గించి ఇంకోసారి అంది, తియ్యమని.

అతను తీశాడు. పోయిందన్న పట్టీ ఇప్పుడు కుడికాలి మీద ఉంది, దాని ఎరుపు గీత తెర నిండా లేచింది. ఇందాకటిదాకా నిండుగా లేచిన నీలం గీత ఎడమకాలికి మారగానే సగంలో ఆగిపోయింది. పట్టీలు మారినా పొట్టి గీత ఎడమకాలినే పట్టుకుని వేలాడుతోంది.

ముందుగా లేచింది డాక్టరమ్మ. అసిరయ్యని బెంచీ మీద కూచోబెట్టి ఎడమ మోకాలి పక్క బొటనవేలితో నొక్కింది. అతని పెదవి పళ్ళకింద పడింది. ఎన్నాళ్ళనుంచని ఆమె అడిగితే అతను కాంతం వైపు చూశాడు.

"రెండేళ్ళయింది," అన్నాడు. "నూని మీద కాలు జారింది. సెప్తే పనిలోంచి తీసేత్తారని సెప్పనేదు. బరువంతా కుడికాలి మీదేసి నెట్టుకొత్తన్నాను."

ఇంకో ఏడాది ఇలాగే నెట్టుకొస్తే ఆ మోకాలు ఎందుకూ పనికి రాకుండా పోయేదని, ఇప్పుడు దొరికింది కాబట్టి నయమవుతుందని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఎనిమిదేళ్ళుగా ఈ కార్ఖానాలో ప్రతి ఆరునెలలకీ అందరి మోకాళ్ళూ చూస్తున్నానని, నొప్పుందా అంటే ఒక్కడూ నిజం చెప్పడని, ఈ పట్టీ మూడు గంటల్లో చెప్పించిందని మేనేజరుతో అంది.  ఆ తర్వాత మేనేజరు నోటినుంచి సామెతలు రాలేదు. నయమయ్యేదాకా అసిరయ్యకి క్రేను గదిలో కూచుని చేసే పని ఇస్తానన్నాడు. రెండొందల జతలు చాలవు, మూడు షిఫ్టుల వాళ్ళకీ కలిపి ఆరొందలు కావాలన్నాడు. వీటిని ఎక్కడ కుట్టిస్తారని సౌరభ్‌ని అడిగాడు.

"బర్మామైన్స్‌లో," అన్నాడు సౌరభ్, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "దీదీ దగ్గర."

డార్కస్ అందరి ముందూ కాంతాన్ని కావలించుకుంది. పనివాళ్ళు మళ్ళీ చప్పట్లు అందుకున్నారు, ఈసారి లెక్కపెట్టకుండా. కాంతానికి కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, ఫర్నేసు దగ్గర అవి చెమటలోనే కలిసిపోతాయి. పట్టీ చెడిపోలేదని అంత గట్టిగా ఎలా చెప్పగలిగారని మేనేజరు ఆవిడ్నే అడిగాడు. ఆవిడ హిందీలో మొదలుపెట్టి, మాట కుదరక తెలుగులోకి దిగింది. డార్కస్ పక్కనుంచి హిందీలో చెబుతూ వచ్చింది.

"మొగుడు అబద్ధమాడితే రెండేళ్ళు నాకు తెలీనేదు, బాబూ. నా కుట్టు అబద్ధమాడితే రెండు నిమిషాల్లో తెలిసిపోతాది."

డార్కస్ ఆ మాట హిందీలో పూర్తి చేసేలోపే అసిరయ్య నవ్వేశాడు. నవ్వుతూనే బెంచీ మీద వెనక్కి జరిగి, రెండేళ్ళలో మొదటిసారి నలుగురి ముందూ ఆ ఎడమకాలు బారుగా చాపుకున్నాడు.